మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధన, పరిశోధన (1912–1949)

తెలుగునాటికి వెలుపల జరిగిన తెలుగు బోధన, పరిశోధనల ప్రసక్తి వచ్చినప్పుడు మనకు మొదట స్ఫురించేది మద్రాసు. అది సహజమే. ముద్రణాలయాలు, పత్రికలు, ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం, విశ్వవిద్యాలయం అన్నీ అక్కడే ఉండేవి. మైసూరు పేరు అంతగా వినబడదు. అక్కడ తెలుగు శాఖ పెద్దది కాదు, తెలుగు చదివే విద్యార్థులు వందల సంఖ్యలో ఉండేవారు కారు. అయినా ఇరవయ్యో శతాబ్ది తెలుగు సాహిత్యవిమర్శకు మూలస్తంభాలని చెప్పదగిన కొన్ని రచనలు మైసూరులో పనిచేసిన అధ్యాపకుల చేతులమీదుగా వచ్చాయి. అన్నమాచార్యుల సంకీర్తనలను సంగీతలోకానికి తిరిగి అందించిన ప్రధాన పండితులలో ఒకరు ఆ కళాశాలలోనే జీవితంలో అధికభాగం గడిపారు. ఇది ఎట్లా సాధ్యమయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరభాషా ప్రాంతాలలో తెలుగు చదువుతున్న విద్యార్థులకు ఇది గతచరిత్ర మాత్రమే కాదు. "ఇంత కొద్దిమంది కోసం ఒక శాఖ ఎందుకు?" అని అడిగేవారికి ఇవ్వవలసిన సమాధానం కూడా ఇందులో ఉంది.

చిన్న విశ్వవిద్యాలయం

మైసూరు విశ్వవిద్యాలయం 1916 జూలై 27న ఏర్పడింది. స్వదేశ సంస్థానంలో నెలకొన్న మొదటి విశ్వవిద్యాలయమది. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు దాని కులపతి. దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య దాని స్థాపనకు పట్టుబట్టి కృషి చేశారు. విశ్వేశ్వరయ్య పూర్వికులది తెలుగునాటి మోక్షగుండం. ప్రారంభంలో విశ్వవిద్యాలయానికి ఆధారమైనవి రెండే కళాశాలలు. ఒకటి మైసూరు మహారాజా కళాశాల, రెండోది బెంగళూరు సెంట్రల్ కళాశాల. కలకత్తా, మద్రాసు విశ్వవిద్యాలయాలతో పోలిస్తే ఇది చాలా చిన్న సంస్థ.

సంస్థ చిన్నదైనా అక్కడి పండితమండలి చిన్నది కాదు. అర్థశాస్త్రం తాళపత్రప్రతిని గుర్తించి 1909లో ముద్రించిన రుద్రపట్నం శామశాస్త్రిగారు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి చెందినవారు. భారతీయ తత్త్వశాస్త్రంలో మైసూరు హిరియణ్ణగారు, కన్నడ నవోదయంలో బి.ఎం. శ్రీకంఠయ్యగారు ఆ విశ్వవిద్యాలయపు అధ్యాపకులే. 1918 నుండి 1921 వరకు సర్వేపల్లి రాధాకృష్ణగారు అక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. కొద్దిమంది అధ్యాపకులు ఉన్నచోట ఒక శాఖవారు ఇంకొక శాఖవారితో రోజూ కలిసి మాట్లాడక తప్పదు. చిన్న విశ్వవిద్యాలయానికి ఉండే ఈ సౌలభ్యం పెద్ద విశ్వవిద్యాలయాలలో తరచు లోపిస్తుంది.

ఇక తెలుగు విషయం. మైసూరు సంస్థానానికి తెలుగు పరాయిభాష కాదు. కోలారు ప్రాంతంలోను, పావగడ వంటి సరిహద్దు తాలూకాలలోను తెలుగు ఇంటిభాషగా తరతరాలుగా ఉంది. కైవారం నారాయణప్ప తత్త్వాలు తెలుగులోను, కన్నడంలోను అక్కడి ప్రజల నోట నిలిచాయి. అంతకు ముందే మైసూరు సేనాని కళువె వీరరాజు మహాభారతాన్ని తెలుగు వచనంలో రచించాడు. తెలుగు గద్య చరిత్రలో ఆ గ్రంథానికి ప్రత్యేక స్థానముంది. ఆస్థాన సంగీతంలోను తెలుగుదే పెద్దపీట. కన్నడం మాతృభాషగా గల మైసూరు వాసుదేవాచార్యులు తమ కృతులను తెలుగు, సంస్కృత భాషలలో రచించారు. తెలుగు అర్థం కాని శ్రోత కూడా తెలుగు పాట వినే నగరం అది.

కట్టమంచి రామలింగారెడ్డి

మైసూరులో తెలుగు సాహిత్యచింతనకు ఒక కొత్త మలుపు తెచ్చినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. చిత్రమేమిటంటే ఆయన తెలుగు అధ్యాపకులు కారు. కేంబ్రిడ్జిలో చదివి, బరోడాలో కొంతకాలం పనిచేసి, మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరారు. తరువాత ప్రిన్సిపాలుగాను, సంస్థాన విద్యాశాఖాధిపతిగాను పనిచేసి 1921లో ఆ కొలువు విడిచారు. 1914లో వెలువడిన ఆయన "కవిత్వతత్త్వ విచారము" ఈ మైసూరు జీవితకాలానికి చెందినదే. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందుంచుకొని, ప్రబంధకవిత్వాన్ని కథాకల్పన, పాత్రపోషణ, ఔచిత్యం అనే కొలతలతో ఆయన పరీక్షించారు. అలంకారశాస్త్ర పరిభాషలోనే విమర్శ సాగుతూ వచ్చిన ఆ రోజులలో ఇది పండితలోకాన్ని కలవరపెట్టింది. ఆయన తీర్పులన్నీ నేడు అంగీకరించనక్కరలేదు. కాని ఆధునిక తెలుగు విమర్శ చరిత్రను ఆ పుస్తకాన్ని విడిచి చెప్పడం కుదరదు.

రెడ్డిగారు మైసూరులో చేసిన రెండవ ఉపకారం ఒక యువకుణ్ణి గుర్తించడం. ఆ యువకుడే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ.

ఒక నియామకం

శర్మగారు 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో జన్మించారు. సంస్కృత విద్య కోసం చిన్నతనంలోనే మైసూరు చేరి, పరకాల మఠాధిపతులైన శ్రీకృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వాముల సన్నిధిలో కావ్యాలంకారాలు చదివారు. రామలింగారెడ్డిగారితో ఏర్పడిన పరిచయం ఆయన దృష్టిని తెలుగు సాహిత్యంవైపు గట్టిగా మళ్లించింది. రెడ్డిగారి ప్రోత్సాహంతో 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండిత పదవిలో చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై యేళ్లు నిండలేదు. 1949లో విరమించేవరకు అదే కొలువులో ఉన్నారు.

ఈ నియామకాన్ని ఆనాటి పరిస్థితులలో పెట్టి చూడాలి. కళాశాలలలో బోధన ఇంగ్లీషులో సాగేది. దేశభాషలు పాఠ్యక్రమంలో ఒక అంచున ఉండేవి. వాటిని బోధించేవారిని "పండితులు" అనేవారు. ఆ మాటలో గౌరవం ఉన్నా, హోదాలో, జీతంలో వారు ఇతర ఆచార్యులకు దిగువనే ఉండేవారు. శర్మగారిది విశ్వవిద్యాలయ పట్టాల మార్గం కాదు, గురుకుల మార్గం. కొత్త విమర్శపద్ధతులు తెలిసిన రెడ్డిగారు, పాతపద్ధతిలో తీరిన శర్మగారు ఒకచోట కలవడం వల్ల ఇద్దరికీ మేలు కలిగింది. ప్రశ్నించే అలవాటు ఒకరినుండి, పద్యాన్ని నిదానంగా చదివే అలవాటు ఒకరినుండి వచ్చి శర్మగారి రచనలలో ఏకమయ్యాయి.

పాఠం నుండి విమర్శకు

శర్మగారి వ్యాసాలు "సారస్వతాలోకము" అనే పేరుతో సంపుటంగా వచ్చాయి. వాటిని చదివిన విద్యార్థికి మొదట కనిపించేది వాటి బోధనాస్వభావం. సిద్ధాంతం ముందు చెప్పి ఉదాహరణలు వెనుక తేవడం ఆయన పద్ధతి కాదు. ఒక సన్నివేశాన్ని ముందు పెట్టుకొని, "ఇక్కడ కవి ఈ మాట ఎందుకు వాడాడు?" అన్న చిన్న ప్రశ్నతో మొదలుపెడతారు. మంచి తరగతిగదిలో జరిగేది ఇదే.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ "నిగమశర్మ అక్క" అన్న వ్యాసం. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ దుర్వ్యసనాలకు లోబడి తండ్రి ఆస్తిని తగలేస్తాడు. అతని అక్క అత్తవారింటినుండి పిల్లాపాపలతో వచ్చి తమ్మునికి నచ్చజెబుతుంది. అతడు మారినట్లే నటించి, ఒకనాటి రాత్రి ఇంటిలోని సొమ్ములు మూటగట్టుకొని పరారవుతాడు. కథలో ఆమెది కొద్దిసేపటి పాత్ర. కవి ఆమెకు పేరైనా పెట్టలేదు. శతాబ్దాలుగా ఆ కావ్యాన్ని చదివినవారు కథానాయకుని పతనాన్ని, మోక్షాన్ని చూశారుగాని ఆమెను ప్రత్యేకించి పట్టించుకోలేదు. శర్మగారు ఆమె మాటతీరును, పుట్టింటిపై మమకారాన్ని, తమ్ముని దారికి తేవడంలో చూపిన నేర్పును విడదీసి చూపి, తెలుగు కుటుంబాలలో మనమెరిగిన ఆడపడుచును ఆ పద్యాలలో ప్రత్యక్షం చేశారు. ఈ వ్యాసం తరువాత ఆ పేరులేని స్త్రీ తెలుగు సాహిత్యంలో పేరుపొందిన పాత్రలలో ఒకటయింది. "తిక్కన తీర్చిన సీతమ్మ", "రాయలనాటి రసికతా జీవనము" అన్న వ్యాసాలు కూడా ఇదే దృష్టికి ఫలితాలు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. తెలుగు వాతావరణంలో పెరిగిన విద్యార్థికి ఆడపడుచు, పుట్టిల్లు, సారె అన్నవి వివరించనక్కరలేదు. ఇంటిలో ఒక భాష, బడిలో ఒక భాష, బజారులో మరొక భాష వినే విద్యార్థులకు కావ్యం చెప్పేటప్పుడు ఏదీ తెలిసినదిగా భావించి దాటిపోవడానికి వీలుండదు. ప్రతి మాటా ఆగి చెప్పాలి. పరభాషా ప్రాంతంలోని తెలుగు అధ్యాపకుడు ఇబ్బందిగా భావించే ఈ పని విమర్శకు మంచి శిక్షణ అవుతుంది. శర్మగారి విమర్శలోని నిదానానికి, స్పష్టతకు ఇది ఒక కారణమని నా అభిప్రాయం.

వేమన, గాథాసప్తశతి

రామలింగారెడ్డిగారు 1926లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు మొదటి ఉపాధ్యక్షులయ్యారు. 1931లో ఆయన తరువాత ఆ పదవిలోకి వచ్చినవారు రాధాకృష్ణగారు. 1936లో రెడ్డిగారు తిరిగి ఆ బాధ్యత స్వీకరించి 1949 వరకు నిర్వహించారు. అంటే తెలుగువారి విశ్వవిద్యాలయానికి మొదటి ఇద్దరు ఉపాధ్యక్షులూ అంతకు ముందు మైసూరులో బోధించినవారే. చిన్న విశ్వవిద్యాలయంలో గడించిన అనుభవం తెలుగుదేశానికి ఇట్లా తరలివచ్చింది.

ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పక్షాన 1920ల చివర శర్మగారు వేమనను గురించి ఇచ్చిన ఉపన్యాసాలు "వేమన" అన్న గ్రంథమయ్యాయి. సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రకటించాడు. అది జరిగిన దాదాపు నూరేళ్లకు ఒక విశ్వవిద్యాలయం వేమనను ఉపన్యాసవిషయంగా స్వీకరించింది. అప్పటికి పండితులలో చాలామంది వేమనను కవిగా లెక్కించేవారు కారు. పండితకుటుంబంలో పుట్టి, మఠంలో చదివి, కావ్యాలంకారాలలో ఆరితేరిన శర్మగారు వేమన కవిత్వాన్ని, హాస్యాన్ని, మతదృష్టిని, లోకదృష్టిని నిష్పక్షపాతంగా విచారించడం విశేషం. ఆయన జన్మస్థలం వేమన పద్యాలు ఇంటింటా పలికే రాయలసీమ. ఆయన పనిచేసిన చోట సర్వజ్ఞుని త్రిపదులు కన్నడిగుల నోట అదే విధంగా పలికేవి. ఒక ప్రజాకవిని సాహిత్యంలో గౌరవించడం ఎట్లాగో పొరుగుభాషలో చూసేవానికి తన భాషలో జరుగుతున్న లోపం త్వరగా తెలుస్తుంది.

మరొక కృషి ప్రాకృతం నుండి. శాతవాహన ప్రభువు హాలుని పేర వెలసిన గాథాసప్తశతి మహారాష్ట్రీ ప్రాకృతంలో ఉన్న ఏడువందల గాథల సంకలనం. పల్లెజీవితం, పంటపొలాలు, కాపుటిల్లాళ్ల సుఖదుఃఖాలు అందులోని వస్తువు. అత్త, పొట్ట వంటి తెలుగు మాటలు అందులో కనిపిస్తాయని పండితులు చూపారు. శర్మగారు అందులోని గాథలను ఏరి తెలుగు పద్యాలుగా మలచి "శాలివాహన గాథాసప్తశతీ సారము"గా ప్రకటించారు. ప్రాకృతం నేర్చినవారు సాధారణంగా సంస్కృత నాటకాల అవసరం మేరకే నేర్చేవారు. ఆ భాషను తెలుగువారి పూర్వచరిత్రకు సాక్ష్యంగాను, కవిత్వంగాను చూపడం ఆ గ్రంథంవల్ల కలిగిన లాభం.

సంగీతం

శర్మగారి సంగీతవిద్యను ఆయన తెలుగు బోధననుండి విడిగా చూడరాదు. మైసూరులో బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల వద్ద ఆయన గాత్రం అభ్యసించారు. సంగీతశాస్త్రాన్ని సంస్కృతమూలాలలో చదివారు. "గానకలె" అన్న పేరుతో కన్నడంలో సంగీతాన్ని గురించి రచించారు. కన్నడ పాఠకులకు సంగీతతత్త్వం చెప్పిన తెలుగు అధ్యాపకునిగా ఆయనకు కన్నడ సీమలో ఉన్న గౌరవం తెలుగుసీమలో ఉన్నదానికి తీసిపోదు. 1974లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది.

ఈ రెండు విద్యలూ పూర్తిగా ఉపయోగపడిన సందర్భం పదవీవిరమణ తరువాత వచ్చింది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమల ఆలయంలోని భాండారంలో రాగిరేకుల మీద దొరికాయి. వాటి పరిష్కరణకు జీవితాన్ని ధారపోసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో మరణించారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో ఆ కృషిని కొనసాగించిన ప్రముఖులలో శర్మగారొకరు.

ఆ పని కష్టమేమిటో విద్యార్థులు తెలుసుకోవాలి. రేకులమీద ప్రతి పాటకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. కొండమలహరి, అమరసింధు వంటి రాగాలు నేటి కచేరీలలో వినరావు. పదాలలో పదిహేనో శతాబ్దపు పలుకుబడి, రాయలసీమ మాండలికం, నేడు వాడుకలో లేని క్రియారూపాలు ఉన్నాయి. మాట ఎక్కడ విరవాలో తెలియనిదే తాళం కుదరదు. తాళపు నడక తెలియనిదే పాఠంలోని తప్పు దొరకదు. భాష మాత్రమే తెలిసిన పండితుడు సగం దూరంలో ఆగుతాడు. పాట మాత్రమే తెలిసిన గాయకుడూ అంతే. శర్మగారు సంకీర్తన సంపుటాలను పరిష్కరించడమే కాక, అనేక కీర్తనలకు స్వరరచన చేసి ప్రకటించారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు స్థాపించేనాటికి ఆ పాటలు పాడదగినవిగా లోకానికి తెలియడానికి ఈ పూర్వకృషి కారణం. మైసూరులో ముప్పైయేడేండ్లు ఒకపక్క తెలుగు కావ్యం, మరొకపక్క కర్ణాటక సంగీతం అభ్యసించిన అధ్యాపకుడు లేకుంటే ఈ పని ఇంకెంతకాలం ఆగేదో చెప్పలేము.

స్థలం, పరిశోధన

ఉద్యోగస్థలం పరిశోధనవిషయాన్ని నిర్ణయించడం మైసూరుకే ప్రత్యేకం కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో కోరాడ రామకృష్ణయ్యగారు తమిళ, కన్నడ, మలయాళ పండితుల సాన్నిధ్యంలో పనిచేస్తూ ద్రావిడభాషల తులనాత్మక పరిశీలనకు పూనుకొన్నారు. అక్కడే నిడుదవోలు వేంకటరావుగారు తంజావూరు, మధుర, పుదుక్కోట, మైసూరు ఆస్థానాలలో వెలసిన తెలుగు రచనలను వెదకి "దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము" రచించారు. తెలుగునాటి నడుమ కూర్చున్నవానికి ఈ విషయాలు దూరంగా కనిపిస్తాయి. పొరుగుభాష నడుమ కూర్చున్నవానికి ఇవి గడప ముందరివే.

అయితే ఈ చరిత్రకు మరొక పార్శ్వముంది. ఇటువంటి చిన్న శాఖల బలమంతా వ్యక్తులమీద ఆధారపడి ఉంటుంది. ఒక అధ్యాపకుడు విరమించినప్పుడు ఆ ఖాళీ నిండకపోతే శాఖ పేరు మిగిలి పని ఆగుతుంది. గ్రంథాలు ఉంటాయి, వాటిని చదివించే మనిషి ఉండడు. సంఖ్యలే ప్రమాణంగా పాలకమండళ్లు ఆలోచించినప్పుడు ముందు దెబ్బతినేది ఇటువంటి శాఖలే. మైసూరు చరిత్ర ఇచ్చే సమాధానం సూటిగా ఉంది. 1912లో ఆ కళాశాలవారు విద్యార్థుల లెక్క మాత్రమే చూసి ఒక పండిత పదవి అనవసరమనుకొని ఉంటే మిగిలే జీతం ఎంతో స్వల్పం. తెలుగు, కన్నడ, సంగీత రంగాలు మూడూ పోగొట్టుకొనేది మాత్రం అపారం.

మైసూరులో 1969లో భారతీయ భాషల కేంద్రసంస్థ వెలసింది. 2008లో తెలుగు, కన్నడ భాషలకు ప్రాచీనభాషా ప్రతిపత్తి ఒకేసారి లభించిన తరువాత, తెలుగు అధ్యయన కేంద్రం మొదట ఆ సంస్థలోనే ఏర్పడింది. అది 2020లో నెల్లూరుకు మారింది. కేంద్రం తెలుగుగడ్డకు చేరడం సంతోషమే. కాని మైసూరులో, కోలారులో, బళ్లారిలో చేయవలసిన పని దానితోపాటు నెల్లూరుకు రాదు. అది అక్కడి విద్యార్థులే చేయాలి.

ఆ పని ఏమిటో కొంత సూచించి ముగిస్తాను. కైవారం నారాయణప్ప రెండుభాషల తత్త్వాలను కలిపి చదవాలి. మైసూరు ఆస్థానంలోని తెలుగు వచనాన్ని భాషాదృష్టితో పరిశీలించాలి. వాసుదేవాచార్యుల వంటి కన్నడ వాగ్గేయకారుల తెలుగులో కన్నడ నుడికారం ఎంత ఉందో చూడాలి. కర్ణాటకంలోనే కాదు, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలోను ఇటువంటి సామగ్రి ఉంది. దీనికి కావలసింది రెండు భాషలు సమానంగా వచ్చిన విద్యార్థి. తెలుగునాట అటువంటివారు అరుదు. ఈ సంచిక చదివేవారిలో దాదాపు అందరూ అటువంటివారే. ఇంటి తెలుగు కొంత మారిందని, ఊరిభాష అందులో కలిసిందని చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు. ఆ రెండో భాషే మీ పరిశోధనకు పెట్టుబడి. రాళ్లపల్లివారి మైసూరు జీవితం దానికి ప్రత్యక్షప్రమాణం.